గాలి దూరని కోటు

పార్తో కొట్లో వేలాడుతున్న కోట్లు ఒక్కొక్కటే దింపి, గుడ్డకి మూతి ఆనించి గట్టిగా ఊదుతోంది సర్వి. అవతలి వైపు అరచెయ్యి పెట్టి చూసుకుంటోంది. చేతికి ఊపిరి తగిలితే ఆ కోటు పక్కన పడేస్తోంది.

“కొనే పిల్లవేనా, అన్నీ ఎంగిలి చేసి పోయే పిల్లవా?” అన్నాడు పార్తో. “నీ ఊదుడికి నా కోట్లన్నీ బూరల్లా ఉబ్బుతున్నాయి.”

“గాలి దూరనిది ఒక్కటి చూపించు లిక్. ఊదడం మానేస్తాను.”

కొండ మీది బాతూర్ సంతలో అతన్ని అందరూ బాబాయి వరస కలిపి లిక్ అనే పిలుస్తారు. వయసులో ఉన్నప్పుడు జకార్తాలో తాపీపని చేశాడు. ప్రతి పండక్కీ బండి మీదే ఊరికొచ్చి, మళ్ళీ బండి మీదే పోయేవాడు. దారి ఖాళీగా ఉంటుందని ఎప్పుడూ రాత్రిపూటే తోలేవాడు. ఆ రాత్రుల తెలివి పెట్టుబడిగా ముసలితనంలో ఈ కొట్టు పెట్టాడు. బండి మీద దూరం పోయేవాళ్ళకి కావలసినవన్నీ అతని దగ్గర దొరుకుతాయి. హెల్మెట్లు, చేతి తొడుగులు, వానకోట్లు, గుండె మీద కట్టుకునే రెగ్జిన్ పలకలు, అన్నీ తాళ్ళకి వేలాడుతూ ఉంటాయి.

సర్వి వెనక ఆమె మొగుడు తుగిరాన్ నిలబడ్డాడు. అతని భుజం మీద పిల్ల వెనింగ్ నిద్రపోతోంది. రెండేళ్ళు నిండాయి. పైపెదవి ముక్కు దాకా చీలి ఉంటుంది. ఏం తాగినా సగం ముక్కులోంచి తిరిగొస్తుంది. అన్నిటికీ ఒకటే మాట, ‘ఆ’ అని. సంతకి వచ్చేటప్పుడు సర్వి ఆ మూతి మీద గుడ్డ కప్పుతుంది. పిల్ల ఆ గుడ్డ లాగి పారేస్తుంది.

కెదిరి ఊరి ఆసుపత్రికి ఏడాదికోసారి ఎక్కడినుంచో డాక్టర్లు వచ్చి ఇలాంటి గ్రహణమొర్రి పిల్లలకి పెదవులు కుట్టి పోతారు. పైసా పుచ్చుకోరు. పోయినేడు వీళ్ళు బస్సులో వెళ్ళారు. వెనక సీటాయన దారి పొడుగునా దగ్గుతూనే ఉన్నాడు. బస్సు దిగేసరికి పిల్లకి ముక్కు కారుతోంది, ఒళ్ళు వెచ్చబడింది. జలుబు మీద ఉన్న పిల్లకి మత్తు ఇస్తే ప్రాణానికే ముప్పు, తగ్గాక తీసుకురండి అన్నాడు డాక్టరు. అది తగ్గేసరికి డాక్టర్లు మూట సర్దుకుని వెళ్ళిపోయారు. ఈ ఏడు మళ్ళీ వస్తున్నారని కబురొచ్చింది. ఇటువైపు రావడం ఇదే ఆఖరని కూడా ఆ కబురులోనే ఉంది.

అందుకని ఈసారి బస్సు వద్దంది సర్వి. బండి మీద పోతే పక్కన దగ్గేవాళ్ళుండరు. ఇక గాలి ఒక్కదాన్ని ఆపుకుంటే చాలు.

ఆ కొండ మీద బంగాళదుంపలు పండించే జనం ఎముకలు కొరికే చలికి వెరవరు, బురదకి వెరవరు. గాలి అంటే మాత్రం హడలిపోతారు. కడుపుబ్బినా, తల తిరిగినా, ఒళ్ళు కాలినా ఒంట్లో గాలి దూరిందనే అంటారు. సర్వి తొలి కాన్పు మగబిడ్డ. నాలుగు రోజులు ఒళ్ళు కాలిపోయి పోయాడు. తలుపు సందులోంచి గాలి కొట్టిందని అందరూ అన్నారు. ఆ తలుపుకి సర్వి ఇప్పటికీ గుడ్డలు కుక్కుతూనే ఉంటుంది.

పార్తో లోపలినుంచి బూడిదరంగు కోటొకటి తెచ్చి పరిచాడు. మోచేతులకీ భుజాలకీ గట్టి బిళ్ళలు కుట్టి ఉన్నాయి.

“చిన్నపిల్లల సైజు. కిందూళ్ళ వాళ్ళు వాడేది. బండి జారినా ఎముకలు విరగవు.”

సర్వి ఊదింది. ఊపిరి తిన్నగా అవతలికి పోయింది. గుడ్డ నిండా సన్నసన్న కన్నాలు.

“ఇది కోటా, జల్లెడా?”

“పడితే కాపాడుతుందమ్మా.”

“పడితే కదా! మా ఆయన తోలడం నువ్వెప్పుడైనా చూశావా? దున్నపోతు కూడా ఈయన్ని దాటిపోతుంది. గాలికి పడాల్సిన పని లేదు లిక్, ఊరికే కూర్చున్నా కొడుతుంది.”

తుగిరాన్ చిన్నగా నవ్వి ఊరుకున్నాడు. అతను మాటలు పొదుపుగా వాడే మనిషి.

పార్తో ఆ కోటు మడతపెట్టేశాడు. దూది పరిచి కుట్టిన మందపాటి కోటు తీశాడు. సర్వి మొహం ఎర్రబడేదాకా ఊదింది. అవతల చేతికి ఏమీ తగల్లేదు. దాన్ని గుండెలకి అదుముకుంది.

“వెనక్కి తిప్పి తొడుగు, జిప్పు వీపు మీదికి రావాలి. జిప్పు పళ్ళ సందుల్లోంచే గాలి గుండెకి పోతుంది,” అన్నాడు పార్తో. ఆ తర్వాత పెద్దవాళ్ళు కట్టుకునే రెగ్జిన్ పలక ఒకటి తీసి, పిల్ల కొలతకి కత్తిరించి, మెడకీ నడుముకీ తాళ్ళు కుట్టాడు. “లోపల సిమెంటు సంచీ కాగితం ఒకటి పెట్టు. నన్ను ఇన్నేళ్ళు బతికించింది ఆ కాగితమే.”

హెల్మెట్లలో అన్నిటికంటే చిన్నది కూడా వెనింగ్ తలకి వదులైంది. ఉన్ని టోపీ తొడిగి దాని మీద పెడితే సరిపోయింది. హెల్మెట్ పైన గాలి ఆడటానికి చిన్న చిన్న సందులున్నాయి. సర్వి వాటి వంక అనుమానంగా చూసి టేపు అడిగింది. పార్తో పళ్ళతో టేపు తుంచి ఇస్తుంటే సందులన్నీ మూసేసింది.

“గాంజుక్ దగ్గర కాస్త జాగ్రత్త,” అన్నాడు పార్తో. “ఆ ఊరికి గాలి ఊరనే పేరు. అక్కడ ఎంత కప్పితే అంత మంచిది. పెదవితో తీసుకురండి పిల్లని. నాకు మొదటి ముద్దు బాకీ.”

“నీ చుట్టల కంపు మూతికా? కుట్లూడిపోతాయి,” అంది సర్వి.

తెల్లవారుతుండగా బయల్దేరారు. ముందు తుగిరాన్, వెనక సర్వి, మధ్యలో జోలెగుడ్డతో తల్లి పొట్టకి బిగించి కట్టిన వెనింగ్. పిల్ల ఒంటికి ముందు కాయుపుతి ఆకుల ఘాటు నూనె రాశారు, దాని మీద ఉల్లిపాయ రసం. పైన రెండు చొక్కాలు, సిమెంటు కాగితం, రెగ్జిన్ పలక, వెనక్కి తిప్పిన కోటు, మెడకి మఫ్లరు. కాళ్ళకి రెండేసి జతల మేజోళ్ళు. బయటికి కనిపించేవి రెండు కళ్ళే.

కొండ దిగి వొనోసోబో చేరేదాకా అంతా అనుకున్నట్టే సాగింది. మంచు తెరలు చీల్చుకుంటూ బండి దిగుతుంటే సర్వి చేతివేళ్ళు కొయ్యబారాయి, పిల్ల మాత్రం వెచ్చగా నిద్రపోయింది. సర్వి మఫ్లరు కిందికి వేలు పోనిచ్చి మెడ తాకి చూసింది. పొడిగా, గోరువెచ్చగా ఉంది. చాలా కాలం తర్వాత ఒక పని సరిగ్గా చేశాననిపించింది ఆమెకి.

మగెలాంగ్ దాటారు. బొయోలాలి దగ్గర ఎండెక్కింది. సోలో ఊరు దాటేసరికి తారు మెత్తబడి చక్రాల కింద చప్పుడు మారింది. ఇరువైపులా టేకు చెట్లు ఆకు కదపకుండా నిలబడ్డాయి. సర్వి వీపు మీద చెమట ధారలు కట్టింది. కొండ మీద పుట్టి పెరిగిన మనిషికి ఆ వేడి ఇంకో దేశం. అయినా ఆమె చూపు గాలి మీదే ఉంది. బండి పోతున్నంతసేపూ మొహాన గాలి కొడుతూనే ఉంది మరి. వేడిగాలైతే మాత్రం గాలి కాదా?

వెనింగ్ లేచి ఏడవడం మొదలుపెట్టింది. హెల్మెట్ లోపలి ఏడుపు కుండలోంచి వచ్చినట్టుంది. కాసేపటికి ఆ ఏడుపు సన్నబడింది. దానికే సర్వికి ఎక్కువ భయమేసింది.

“బండి ఆపు వెనింగ్ నాన్నా, ఒక్కసారి ఆపు!”

దారి పక్క అన్నం పాకలో దిగారు. పిల్లని ఒళ్ళో పెట్టుకుని మఫ్లరు తప్పించి చూసింది. మొహం ఎర్రగా కందిపోయి ఉంది. నుదుటి మీద చెయ్యి పెట్టి, నిప్పు తాకినట్టు వెనక్కి లాక్కుంది.

“కాలిపోతోంది,” అంది.

తుగిరాన్ కూడా చెయ్యి పెట్టి చూశాడు. అతని మొహంలో రక్తం లేదు. “దూరింది,” అన్నాడు.

“ఎక్కడినుంచి దూరింది? ఎక్కడ సందుంది? అన్నీ మూశాను కదా!” సర్వి పిల్ల ఒంటి చుట్టూ వేళ్ళతో తడుముతూ వెతికింది. కాళ్ళ దగ్గర, పైజామా అంచుకీ మేజోడుకీ మధ్య వేలెడు చర్మం బయటపడి ఉంది. “ఇదుగో. ఇక్కడే. నేను చూసుకోలేదు, నేనే చూసుకోలేదు...”

పాక ఆవిడ పళ్ళెం తుడుస్తూ వచ్చి నిలబడింది. “ఏంటమ్మా, పిల్ల అలా ఎర్రగా ఉంది?”

“గాలి దూరిందక్కా.”

“అయ్యో. అయితే వేడి టీ పట్టించు,” అందావిడ. ఉల్లిపాయ దంచి ఇచ్చింది. సర్వి దాన్ని నూనెలో కలిపి పిల్ల వీపుకీ అరికాళ్ళకీ రుద్దింది. తన తలగుడ్డ విప్పి పిల్ల కాళ్ళకి చుట్టింది. పిల్ల టీ మింగలేదు, అది ముక్కులోంచి కారిపోయింది.

“తిరిగి పోదామా?” అన్నాడు తుగిరాన్.

“ఎక్కడికి? సగం దారి పైన వచ్చేశాం. చూపించుకునేది ఇవాళే. పొద్దుగూకితే తలుపు మూసేస్తారు. నువ్వు తోలు. ఈ ఒక్కసారి దున్నపోతులా కాకుండా తోలు.”

అతను తోలాడు. పెళ్ళయ్యాక ఆమె ఎన్నడూ చూడని వేగంతో, లారీల పక్కనుంచి, బస్సుల ముందునుంచి తోలాడు. గాంజుక్ పొలిమేరలో మబ్బు పట్టి నిజంగానే గాలి లేచింది. వెంట వాన. ఇద్దరూ దిగి గబ్బిలం రెక్కల్లాంటి ప్లాస్టిక్ వానకోటు ముగ్గురి మీదా కప్పుకున్నారు. దాని కింద పిల్ల పూర్తిగా మునిగిపోయింది. ప్లాస్టిక్ లోపల ఊపిరి ఆడని చీకటి, ఉల్లిపాయ వాసన. సర్వి ఒక చేత్తో వానకోటు అంచులు బిగించి పట్టుకుంది, ఒక్క సందు కూడా లేకుండా. రెండో చెయ్యి పిల్ల గుండె మీద పెట్టింది. ఆ గుండె పిట్ట గుండెలా కొట్టుకుంటోంది. సర్వి తనకొచ్చిన దువాలన్నీ చదివింది. చదవడం అయిపోయాక మళ్ళీ మొదలుపెట్టింది.

ఆసుపత్రి వరండాలో జనం పల్చబడ్డారు. బల్ల దగ్గర కూర్చున్న నర్సు పేరు ఎస్తర్, నలభై దాటిన మనిషి. వీళ్ళు తడిసిన బట్టలతో, చేతుల్లో ఒక మూటతో లోపలికి వచ్చేసరికి తలెత్తి చూసింది.

“సామాన్లు పక్కన పెట్టి పిల్లని తీసుకురండమ్మా.”

“ఇదే పిల్ల,” అన్నాడు తుగిరాన్.

ఎస్తర్ లేచొచ్చింది. హెల్మెట్ తీసింది, ఉన్ని టోపీ తీసింది, మఫ్లరు తీసింది. “ఇంకెంత దూరంలో ఉందయ్యా పిల్ల?” అంది. చంకలో థర్మామీటర్ పెట్టి, అది కూయగానే తీసి చూసింది. మొహంలో నవ్వు పోయింది.

“జ్వరం.”

ఆ మాట విన్నాక సర్వికి చుట్టూ ఏమీ వినపడలేదు. ఎస్తర్ పెదాలు కదులుతున్నాయి. ఆ పెదాలు నున్నగా, కలిసి ఉన్నాయి. వాటి వంకే చూస్తూ సర్వి నేల మీద కూర్చుండిపోయింది. తర్వాత ఎస్తర్ కాళ్ళు పట్టుకుంది.

“పంపెయ్యొద్దక్కా. పోయినేడూ ఇలాగే పంపేశారు. మళ్ళీ రారంట కదా. జ్వరం కాదు, దారిలో బట్టల మధ్య చిన్న సందు పడింది, అంతే. రేపటికి తగ్గిపోతుంది. నేను తగ్గిస్తాను. ఇంకా కప్పుతాను, రాత్రంతా కప్పి పడుకోబెడతాను...”

“లే. ముందు లే,” అంది ఎస్తర్. “ముక్కు కారుతోందా?”

“లేదు.”

“దగ్గు?”

“లేదక్కా.”

ఎస్తర్ కోటు మెడలోంచి చెయ్యి పోనిచ్చింది. వీపు మీద కాగితం కరకరమంది. చెయ్యి బయటికి తీస్తే చెమటతో, నూనెతో మెరిసింది. వాసన చూసి మూతి తిప్పుకుంది.

“ఇది జ్వరమో, మీరే ఉడకేశారో నాకూ తెలీదు. ఈ మూట మొత్తం విప్పండి. చొక్కా కూడా వద్దు. అదుగో, ఆ పెద్ద ఫ్యాన్ ముందు కూర్చోబెట్టి తడిగుడ్డతో ఒళ్ళు తుడవండి. నీళ్ళు పట్టండి. తలుపులు మూసే ముందు మళ్ళీ చూస్తాను. తగ్గితే ఉంటుంది. తగ్గకపోతే నా చేతుల్లో ఏమీ లేదు.”

సర్వి ఫ్యాన్ వంక చూసింది. మనిషెత్తు ఇనుప ఫ్యాన్, కంచె లోపల రెక్కలు కనబడనంత జోరుగా తిరుగుతోంది. దాని ముందు కట్టిన పరదా నేలకి సమాంతరంగా ఎగురుతోంది.

“ఒళ్ళు కాలే పిల్లనా?” అన్నాడు తుగిరాన్. అతని గొంతు లేచింది. “తడిపి, గాలిలోనా?”

“అవును.”

“సర్వీ, పద పోదాం.” అతను భార్యని పేరు పెట్టి పిలవడం పెళ్ళయిన కొత్తల్లో తప్ప లేదు. “పెదవి లేకపోయినా బతుకుతుంది. మా అత్త ఊళ్ళో ఒకడున్నాడు, మొర్రి మూతితోనే పెళ్ళి చేసుకున్నాడు. మన పిల్లాణ్ణి పాతిపెట్టిన చోటు మర్చిపోయావా? ఇంకోటి తవ్వమంటావా నన్ను?”

ఎస్తర్ బల్ల దగ్గరికి వెళ్ళి తర్వాతి పిల్లని పిలిచింది. నిర్ణయం ఇక్కడ వదిలేసి వెళ్ళినట్టుంది.

సర్వి పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వెనింగ్ కళ్ళు సగం మూతపడి ఉన్నాయి. చీలిన పెదవి ఎండి, పగుళ్ళు తేలింది. కప్పితే మంచిదని ఆమెకి తల్లి చెప్పింది, తల్లికి ఆమె తల్లి చెప్పింది. పొద్దున్నుంచి కప్పుతూనే ఉంది. కప్పిన కొద్దీ కాలింది. ఆ ఒక్కటే ఆమె కళ్ళతో చూసింది. మిగతాదంతా విన్నది.

పిల్ల వీపు మీది జిప్పు లాగింది. మధ్యలో పట్టేసింది. గట్టిగా గుంజింది. కోటు విడిపోగానే లోపలినుంచి అన్నం గిన్నె మూత తీసినట్టు ఆవిరి కొట్టింది. రెగ్జిన్ పలక తాళ్ళు ముడిపడిపోయాయి, పళ్ళతో తెంపింది. సిమెంటు కాగితం చెమటకి నాని ఒంటికి అతుక్కుపోయింది, ముక్కలు ముక్కలుగా ఒలిచింది. కింద చర్మమంతా చెమటకాయలు పేలి ఎర్రగా ఉంది.

“సర్వీ!”

“నువ్వు బయటికి పో. నువ్వు చూడొద్దు.”

అతను పోలేదు. గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

ఒంటి మీద నూలుపోగు లేని పిల్లని ఫ్యాన్ ముందు చాప మీద కూర్చోబెట్టింది సర్వి. కూర్చోబెట్టి, తనకి తెలియకుండానే ఫ్యాన్‌కీ పిల్లకీ మధ్య వచ్చి కూర్చుంది. తడిసిన రవిక వీపుకి గాలి కొడుతుంటే పళ్ళు టకటకలాడాయి. తడిగుడ్డతో పిల్ల చేతులు తుడిచింది, కాళ్ళు తుడిచింది. గాలంతా తన వీపే తింటోంది.

“నీకు కాదమ్మా జ్వరం,” అంది ఎస్తర్ దూరంనుంచి, తల ఎత్తకుండానే. “పక్కకి జరుగు.”

సర్వి జరగలేకపోయింది. జరగమని మనసు చెప్తే ఒళ్ళు వినలేదు. కొడుకు కాళ్ళు చల్లబడిన ఆ తెల్లవారు గుర్తొచ్చింది. నేల మీద రెండు చేతులూ ఆన్చి, బరువైన బస్తాని జరిపినట్టు తనని తానే ఒక జానెడు జరుపుకుంది. ఇంకో జానెడు. గాలి పిల్ల భుజానికి తగిలింది, ఇంకొంచెం జరిగితే మొహానికి తగిలింది. నుదుటికి అంటుకున్న వెంట్రుకలు లేచాయి. వెనింగ్ ఒక్కసారి ఉలిక్కిపడి ఊపిరి లోపలికి గుంజుకుంది. సర్వి కళ్ళు మూసుకుంది.

చాలాసేపు ఏమీ కాలేదు. పక్కన ఎవరో పిల్ల ఏడుస్తోంది. తుగిరాన్ గోడకి నుదురు ఆనించి పెదాలు కదుపుతున్నాడు.

“ఆ...” అంది వెనింగ్.

సర్వి కళ్ళు తెరిచింది. పిల్ల ఫ్యాన్ వైపు నోరు తెరుచుకుని ఉంది. గాలి ఆ చీలికలోంచి లోపలికి పోయి గొంతుని వణికిస్తోంది. ఆ వణుకు పిల్లకి వింతగా ఉంది. ఆగి, మళ్ళీ అంది. “ఆ... ఆ... ఆ...”

సర్వి గ్లాసుతో నీళ్ళు అందించింది. సగం ముక్కులోంచి వచ్చాయి, సగం లోపలికి పోయాయి. ఇంకో గ్లాసు కావాలన్నట్టు పిల్ల చెయ్యి చాపింది.

జవాను కిటికీలు మూయడం మొదలుపెట్టాక ఎస్తర్ వచ్చి వంగింది. థర్మామీటర్ చంకలో పెట్టి పిల్ల చెయ్యి దగ్గరికి నొక్కి పట్టింది. సర్వి ఆ వైపు చూడలేదు. ఎస్తర్ చెప్పుల వంక చూసింది. ఒక చెప్పుకి పట్టీ తెగితే దారంతో కుట్టి ఉంది. ఆ కుట్లు ఎడంగా, వంకరగా ఉన్నాయి. థర్మామీటర్ కూసింది. ఎస్తర్ దాన్ని వెలుతురు వైపు తిప్పి చూసింది. తుడిచి మళ్ళీ పెట్టింది. మళ్ళీ కూసింది.

“ఉండండి,” అంది.

“ఉండమంటే... ఇక్కడ కూర్చుని ఉండమనా?” అంది సర్వి.

“లోపల మంచం మీద ఉండమని. పొద్దున డాక్టరు ఇంకోసారి చూస్తాడు. ఇలాగే ఉంటే కుడతాడు. ఇలాగే ఉంచాల్సింది నువ్వు.” ఎస్తర్ పిల్ల వీపు మీద వేలితో రాసి ముక్కు దగ్గర పెట్టుకుంది. “ఇదంతా కడిగెయ్. ఉల్లిపాయ పులుసులో ఊరేసిన పిల్లని బల్ల మీద పడుకోబెడితే డాక్టరుకి కళ్ళ నీళ్ళొస్తాయి. అదుగో కుళాయి.”

“చన్నీళ్ళా అక్కా?”

“మరి పన్నీరా?”

తుగిరాన్ గోడ దగ్గరనుంచి ఇటు తిరిగాడు. భార్య మొహం చూసి మళ్ళీ గోడ వైపు తిరిగాడు.

కుళాయి వరండా చివర, వాన జల్లు పడే చోట ఉంది. సర్వి పిల్లని చంకనెత్తుకుని వెళ్ళింది. కుళాయి తిప్పి ముందు తన చెయ్యి పెట్టింది. చల్లగా జివ్వుమంది. చెయ్యి తీసేసింది. వెనక్కి తిరిగి చూస్తే ఎస్తర్ బల్ల సర్దుకుంటోంది, ఇటు చూడటం లేదు. కాస్త తడిగుడ్డతో తుడిచి అయిందనిపించినా అడిగేవాళ్ళు లేరు.

ఆమె పిల్ల చంకల కింద చేతులు వేసి ధార కిందికి పట్టింది. వెనింగ్ ఆసుపత్రి అదిరిపోయేలా కేక పెట్టింది, కాళ్ళు తన్నింది, తల్లి మొహం మీద చాచి కొట్టింది. సర్వి దవడలు బిగించి, నీళ్ళు నూనె వాసన లేకుండా జారేదాకా పిల్లని అక్కడే పట్టుకుని నిలబడింది.